పొగాకు కంపెనీలో ఉద్యోగం వచ్చింది, చేరమంటారా?

ప్రశ్న: మాది కొండపి దగ్గర పల్లె. బాపట్లలో అగ్రికల్చర్ బీఎస్సీ పూర్తి చేశాను. పొగాకు కొనే ఒక కంపెనీ ఫీల్డ్ ఆఫీసర్‌గా తీసుకుంటామంది. నాన్న పొగాకు రైతే. నా చదువంతా ఆ డబ్బుతోనే సాగింది. కానీ తాతయ్య చుట్టలు కాల్చి కాల్చి గొంతు క్యాన్సర్‌తో పోయారు. చేరడానికి మనసొప్పడం లేదంటే, 'తిన్నింటి వాసాలు లెక్కపెడతావా' అంటున్నారు ఇంట్లో. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఇంట్లోవాళ్ల మాట పక్కన పెట్టండి. వానను నమ్ముకున్న ఆ నేలల్లో నాలుగు డబ్బులు కళ్లజూపే పంట ఇంకోటి లేక మీ నాన్నగారు పొగాకు వేశారు. ఆయన వేసినందుకు మీరు సిగ్గుపడక్కర్లేదు. ఆయన వేశారు కాబట్టి మీరూ అందులోనే బతకాలనీ లేదు. తాతయ్య గుర్తొచ్చి వద్దనిపిస్తే అది చాదస్తం కాదు, ఆ ఒక్క కారణం చాలు. అది నిజంగా అంత బలంగా ఉందో లేదో మాత్రం మీకే తెలియాలి.

నన్నడిగితే, పొగాకు మంచిదా చెడ్డదా అన్నదానికంటే అక్కడ మీ చేత రోజూ ఏం చేయిస్తారన్నది ముందు చూడాలి. ఫీల్డ్ ఆఫీసర్ అంటే నారుమడి నుంచి బ్యారన్ అనే గదిలో ఆకును వేడికి ఆరబెట్టేదాకా రైతు వెంట తిరిగే మనిషి. కంపెనీ మాట రైతుకు చేరేది ఆ మనిషి నోటితోనే.

2025లో నల్ల బర్లీ అనే రకం పొగాకు గొడవ మీరూ చూసే ఉంటారు. వేయమన్న కంపెనీలే తీరా ఆకు చేతికొచ్చాక కొనడం లేదని రైతులు రోడ్డెక్కారు. చివరికి ప్రభుత్వం తన సహకార సంస్థ మార్క్‌ఫెడ్‌తో కొనిపించాల్సి వచ్చింది. కంపెనీ పెద్దలు ఆ రైతుల కంటికి కూడా కనపడరు. ఎప్పుడు కొంటారని ఫోన్ చేసేది, ఇంటికొచ్చి నిలదీసేది ఫీల్డ్ ఆఫీసర్నే. మీదీ ఆ ప్రాంతమే కాబట్టి రేపు అడిగేవాళ్లలో మీ బాబాయిలూ మేనమామలూ ఉండొచ్చు.

అందుకే హెచ్‌ఆర్‌ని సూటిగా అడగండి: నా పని వర్జీనియా రకం పొగాకులోనా, బర్లీలోనా? వర్జీనియా అయితే పంట ఎంత వేయాలో కేంద్ర ప్రభుత్వ పొగాకు బోర్డు నిర్ణయిస్తుంది, అమ్మకం బోర్డు వేలంలో జరుగుతుంది. మీ మాట మీద అంత బరువు పడదు. బర్లీకి ఆ వేలం లేదు. అప్పుడు రైతుకు కాగితం మీద ఒప్పందం ఇస్తారా, నాకిచ్చే ఇన్సెంటివ్ ఎకరాల లెక్కనా అని కూడా అడగండి. కాగితం లేదు, ఎకరాలు పెంచితేనే ఇన్సెంటివ్ అంటే చేరొద్దు. ఈ ఒక్క విషయంలో నేను మెత్తగా చెప్పలేను. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టమన్నా అంతే.

హెచ్‌ఆర్ చెప్పిందే నమ్మి ఊరుకోకండి. ఆ కంపెనీలో చేసి మానేసినవాళ్లు ఒంగోలు, టంగుటూరు, కందుకూరు వైపు దొరక్కపోరు. ఇద్దరితో మాట్లాడితే అసలు సంగతి బయటపడుతుంది. వేలం నడిచే రోజుల్లో కొండపి కేంద్రంలో ఒక పూట నిలబడి చూడండి. ఆకు బేలు (కట్ట) తిరస్కరిస్తే రైతు ఏమంటాడో, పక్కనున్న కంపెనీ మనిషి ఏమంటాడో వినండి.

పొగాకు వదిలేస్తే అంతా కడిగిన ముత్యంలా ఉంటుందనుకోవద్దు. పురుగుమందుల కంపెనీలో నెల టార్గెట్ కోసం అక్కర్లేని మందు అంటగట్టమంటారు. బ్యాంకులో చేరితే లోనుకొచ్చిన రైతుకు ఇన్సూరెన్స్ అమ్మమంటారు. అడగాల్సిన ప్రశ్నలు అక్కడా ఉంటాయి.

అయినా మీ డిగ్రీకి బ్యాంకు ఉద్యోగాల కోసం ఐబీపీఎస్ సంస్థ నిర్వహించే అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పరీక్ష బాగా సరిపోతుంది. 20 నుంచి 30 ఏళ్లలోపు వాళ్లు రాయొచ్చు. ఇంట్లో డబ్బుకు మరీ కటకటగా లేకపోతే ఒక ఏడాది దానికి కూర్చోండి. కటకటగా ఉంటే, పై ప్రశ్నలకు సరైన జవాబులు వచ్చాకే ఈ ఉద్యోగంలో చేరి, సాయంత్రాలు చదువుకోండి. ఇన్నేళ్లు మానకూడదనే బాండ్ మీద మాత్రం సంతకం పెట్టకండి. చేరే తేదీకి రెండు వారాల గడువు ఈరోజే మెయిల్‌లో అడగండి, మామూలుగా ఇస్తారు.