చైను లాగినా రైలు వెంటనే ఆగదేం?

ప్రశ్న: ఇటీవల మా పెట్టెలో ఒకాయన చైను లాగితే రైలు చాలా దూరం వెళ్లిగానీ ఆగలేదు. చైనుకూ బ్రేకుకూ సంబంధం ఏమిటి? నడుస్తున్న రైలు మధ్యలో తెగిపోతే వెనక పెట్టెల గతి ఏమిటి?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: రెండింటికీ జవాబు ఒకే గొట్టంలో ఉంది. ఇంజిను నుంచి చివరి పెట్టె దాకా అడుగుభాగాన సాగుతూ, పెట్టెకూ పెట్టెకూ మధ్య రబ్బరు గొట్టాలతో కలిసే బ్రేకు పైపులో, చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడితో గాలి నిండి ఉంటుంది. గాలి పంపితే బ్రేకు పడుతుందని చాలామంది అనుకుంటారు గానీ, జరిగేది దానికి తలకిందులు. పైపులో ఒత్తిడి నిలిచి ఉన్నంతసేపు బ్రేకు పడదు. అది తగ్గగానే, ప్రతి పెట్టె కింద విడిగా ఉండే ట్యాంకులోని గాలి బ్రేకు సిలిండరులోకి వెళ్లి, పాత పెట్టెల్లో దిమ్మెలను చక్రాలకూ, ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం పెట్టెల్లో ప్యాడ్లను ఇరుసుపై ఉన్న డిస్కులకూ అదుముతుంది.

చైను లాగినప్పుడు ఆ పెట్టె దగ్గర ఒక వాల్వు తెరుచుకుని గాలి 'సుయ్'మంటూ బయటికి పోతుంది. అయితే అది చిన్న రంధ్రం గుండా పోతుంది కాబట్టి ఒత్తిడి ఒక్కసారిగా కూలదు. రైలు నడిపే లోకో పైలట్ ముందున్న ఒత్తిడి మీటరు ముల్లు దిగడం చూసి ఆయన కూడా రైలును ఆపుతాడు. పైగా ఉక్కు పట్టాల మీద ఉక్కు చక్రానికి పట్టు తక్కువ. మరీ గట్టిగా బిగిస్తే చక్రం తిరగడం మాని జారుతుంది, ఆ చోట అరిగి చదునవుతుంది. ఆ తరువాత ప్రయాణమంతా కింద నుంచి వినిపించే 'టకటక' దానిదే. వేగం రెట్టింపైతే ఆపవలసిన శక్తి నాలుగు రెట్లవుతుందనీ గుర్తుంచుకోవాలి.

రైలు తెగితే రబ్బరు గొట్టాలు ఊడి, రెండు వైపులా గాలి పోయి, రెండు ముక్కలకూ బ్రేకులు పడతాయి. అమెరికా ఇంజినీరు జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో చేసిన తొలి గాలి బ్రేకులో ఈ రక్షణ లేదు. గొట్టం తెగితే బ్రేకే పోయేది. 1872లో ఆయనే దాన్ని ఇలా తిరగేశాడు.

ఇందులోనూ ఒక చిక్కు ఉంది. పెట్టెల మధ్య పైపుకుండే యాంగిల్ కాక్ (గాలి దారిని తెరిచి మూసే వాల్వు) ఎక్కడైనా పొరపాటున మూసి ఉంటే, దాని వెనక గాలి బందీ అయిపోయి, ఇంజినులో ఒత్తిడి ఎంత తగ్గించినా ఆ పెట్టెలకు కబురు అందదు. అందుకే రైలు బయలుదేరే ముందు లోకో పైలట్ ఒత్తిడి తగ్గించినప్పుడు చివరి పెట్టెలో గార్డు ముందున్న ముల్లు కూడా దిగిందో లేదో చూస్తారు.