సర్పంచ్‌గా నిలబడుతున్న మా మేనకోడలికి

అమ్మడూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి "అక్కా, దాన్ని వాళ్ల ఊళ్లో సర్పంచ్‌గా నిలబడమంటున్నారంట, అది కూడా సరేనందంట" అన్నాడు. వాడు భయపడుతుంటే నేనే ధైర్యం చెప్పాను. ఫోన్ పెట్టేశాక ఆ భయం నాకు పట్టుకుంది, తెల్లారేదాకా కునుకు లేదు. సంతోషం లేదనుకోకు. మన ఇంట్లో నా తర్వాత ఇంకో ఆడపిల్ల ఆ కుర్చీ దాకా వెళ్తుందంటే పొద్దున్నే దేవుడి ముందు దీపం పెట్టుకున్నాను.

ముందు తిట్టేది తిట్టేస్తాను. వాట్సాప్‌లో నువ్వు పంపిన ఫ్లెక్సీ చూశాను. మీ ఆయన ఫొటో నిలువెత్తున ఉంది, నీది మూలన స్టాంపు బిళ్లంత ఉంది. మార్పించు. సర్పంచ్ బ్యాలెట్ మీద పేరు ఉండదు, గుర్తు ఒక్కటే ఉంటుంది. ఆ గుర్తు చూడగానే ఓటేసేవాళ్లకి ఎవరి ముఖం గుర్తుకు రావాలి, నీదా, మీ ఆయనదా? అబ్బాయి మంచివాడే, నేను కాదనను. కానీ ప్రచారంలో వెనక నిలబడటం అలవాటైతే రేపు పంచాయతీ ఆఫీసులోనూ వెనకే నిలబెడతారు.

ఓటర్ల జాబితాలో నీ పేరు, నిన్ను ప్రతిపాదించేవాళ్ల పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో నువ్వే చూసుకో. కుల ధ్రువపత్రం, ఇంటి పన్ను బకాయి లేదన్న రసీదు, డిపాజిట్ డబ్బు ముందే సిద్ధం చేసుకో. ఫలితాలు వచ్చిన 45 రోజుల్లో ఖర్చుల లెక్క ఇవ్వాలి, గెలిచినా ఓడినా. మూడో పిల్లాడి గురించి టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీ చెయ్యకూడదన్న ఆ నిబంధనని 2024 నవంబరులో మన ఆంధ్రా అసెంబ్లీ తీసేసింది, ఇక ఆ మాట మర్చిపో. ఏకగ్రీవం చేస్తాం, గుడికి ఇంత ఇవ్వండి అని పెద్దమనుషులు వస్తే మాత్రం తలుపు దగ్గరే దణ్ణం పెట్టి పంపెయ్. కొనుక్కున్న పదవిలో నోరు లేవదు.

ఇప్పుడు అసలు సంగతి. నీకెప్పుడూ చెప్పలేదు. మీ నాన్నకి సగమే తెలుసు.

73వ రాజ్యాంగ సవరణ వచ్చాక 1995లో మొదటిసారి మూడో వంతు సీట్లు ఆడవాళ్లకి ఇచ్చారు. మా ఊరు మహిళలకి రిజర్వు అయింది. మీ మామయ్య నిలబడాలనుకున్న సీటు అది, అందుకే నన్ను నిలబెట్టారు. అయితే నేను ఉత్త బొమ్మని కాదు. మన నెల్లూరు జిల్లాలోనే కదా 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించింది! వాళ్లని ముందుండి నడిపిన రోశమ్మ గారి పేరు విని మా ఊళ్లో మేమూ కదిలాం. కుండలు పగలగొట్టిన రోజు నలుగురిలో మాట్లాడగలనని నాకు తెలిసింది. 1993 అక్టోబరు ఒకటిన ప్రభుత్వం సారా నిషేధించినప్పుడు అది మేం సాధించిందే అనుకున్నాం. అలాంటిదాన్ని, సర్పంచ్ అయ్యాక ఇంట్లో పొయ్యి ముందు కూర్చుని సంతకాలు పెట్టాను. ఎలా పెట్టానో ఇప్పటికీ అర్థం కాదు.

పంచాయతీ పన్నులు వసూలు చేసే బిల్లు కలెక్టరు సాయంత్రం పూట తీర్మానాల పుస్తకాన్ని తువ్వాల్లో చుట్టుకుని ఇంటికి తెచ్చేవాడు. ఆ రోజు నేను రొట్టెలకి పిండి కలుపుతున్నాను. మీ మామయ్య పుస్తకం తెరిచి, బొటనవేలు పెట్టి "ఇక్కడ, ఇక్కడ, ఇదిగో ఇక్కడ" అన్నాడు. చెయ్యి కొంగుకి తుడుచుకుని పెట్టేశాను. మధ్యలో మూడు పేజీలు ఖాళీగా ఉన్నాయి. చూశాను, అడగలేదు. ఒక పేజీ చివర నా వేలి పిండి అంటుకుంటే గోరుతో గీకాను కూడా. అది మాత్రం నిన్న జరిగినట్టు గుర్తుంది.

ఆ ఖాళీ పేజీల్లో తర్వాత కాలనీ మురుగుకాలువ పని రాసుకున్నారు. 120 మీటర్లని, పని కొలతలు రాసే ఎం-బుక్కులో ఎక్కింది, బిల్లు డ్రా అయింది. వానాకాలం వచ్చింది. ఒక ముసలమ్మ పొద్దున్నే మా అరుగు దగ్గరికి వచ్చి, కేకలూ తిట్లూ ఏమీ లేకుండా, "కాలవ మా ఇంటి ముందుకొచ్చి ఆగిపోయింది తల్లీ, నీళ్లన్నీ నా గుమ్మంలోనే నిలుస్తున్నాయి. అయిపోయిందని సంతకం నువ్వే పెట్టావంటగా" అంది. నేను బావి చేదతాడు విప్పుకుని ఆమె వెంట వెళ్లాను. తాడు వేసి కొలిచి, ఇంటికొచ్చి టేపుతో లెక్క చూస్తే డెబ్బై మీటర్లు కూడా లేదు. ఆమె ఇంట్లో మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టుకుని ఉంది, పొయ్యి తడిసి మెత్తబడింది. ఏం మాట్లాడాలో తెలియక నిలబడిపోయాను.

రెండేళ్లకి ఆడిట్‌లో పట్టుకున్నారు. నోటీసు నా పేరు మీద వచ్చింది. కాంట్రాక్టరు పేరు మీద రాలేదు, మీ మామయ్య పేరు మీదా రాలేదు. ఆయన అందులో రూపాయి తినలేదు, అది దేవుడి ముందైనా చెప్తాను. కాంట్రాక్టరు మాట ఆయన నమ్మాడు, ఆయన మాట నేను నమ్మాను, నష్టపోయింది ముసలమ్మ. రికవరీ కట్టడానికి అమ్మ పెట్టిన గాజులు అమ్మాను. మిగిలిన కాలువ తర్వాత మేమే పూర్తి చేయించాం, కానీ అప్పటికి ఆమె కూతురి ఊరికి వెళ్లిపోయింది. మళ్లీ కనిపించలేదు. వాన పడితే నాకిప్పటికీ ఆ గుమ్మమే గుర్తొస్తుంది.

అందుకే అమ్మడూ, తీర్మానాల పుస్తకం నీ ఇంటికి రాకూడదు. నువ్వే దాని దగ్గరికి వెళ్లాలి. ఖాళీ ఉంటే అడ్డంగా గీత కొట్టి, ఆ తర్వాతే సంతకం పెట్టు. ఇప్పుడు పుస్తకాలు ఎవరు చూస్తున్నారత్తా, అంతా ఆన్‌లైన్ కదా అంటావేమో. అది ఇంకా ప్రమాదం. నీ పేరు మీద డిజిటల్ కీ ఇస్తారు, పెన్‌డ్రైవ్ లాగా ఉంటుంది. చాలా ఊళ్లలో అది సర్పంచ్ చేతిలో ఉండదు, పాస్‌వర్డుతో సహా ఇంకొకరి సొరుగులో ఉంటుంది. అది నీ చెయ్యి అనుకో. చెయ్యి తీసి ఎవరి సొరుగులోనో పెడతామా? సర్పంచ్‌ని జనమే నేరుగా ఎన్నుకుంటారు కాబట్టి వార్డు మెంబర్లు అవిశ్వాసం పెట్టి దించలేరు. కలెక్టరు మాత్రం పంచాయతీరాజ్ చట్టం 249 సెక్షన్ కింద తీసెయ్యగలడు, అక్కడ సాక్ష్యం చెప్పేది నీ సంతకమే. తెలియక పెట్టానంటే ఎవరూ వినరు, నా మాట ఎవరూ వినలేదు.

కేంద్రం నుంచి పంచాయతీకి వచ్చే ఆర్థిక సంఘం డబ్బు దేనికి ఎంత వాడాలో కాగితం తెప్పించుకుని చదువు. 15వ సంఘం నిధుల్లో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికే కట్టేశారు. ఇది తెలియని సర్పంచులు రోడ్డు వేయిస్తామని మాటిచ్చి తర్వాత తల దించుకున్నారు.

అప్పు గురించి కూడా చెప్పాలి. 2001లో పార్టీ గుర్తు మీద జడ్పీటీసీగా గెలిచాను, ఎకరం పొలం పోయింది. 2004లో అసెంబ్లీ టికెట్ అడగడానికి వెళ్తే ఒక నాయకుడి వరండాలో నాలుగు గంటలు కూర్చోబెట్టి, ఊళ్లో ఏం చేశావని అడక్కుండా ఎంత పెట్టుకోగలవని అడిగారు. లేచి వచ్చేశాను. బస్సులో ఏడ్చాను, ఎవరూ చూడకుండా. అంతకు అయిదేళ్ల ముందు ప్రతిభా భారతి గారు స్పీకర్ కుర్చీలో కూర్చోవడం టీవీలో చూసి, నేనూ ఆ సభలో ఒక మూల కూర్చుంటే చాలనుకున్నదాన్ని. ఈశ్వరీబాయి గారైతే సికింద్రాబాద్ చిలకలగూడలో కౌన్సిలర్‌గా మొదలుపెట్టి 1967లో, 1972లో ఎల్లారెడ్డి నుంచి అసెంబ్లీకి గెలిచారు. వీధి కుళాయి సంగతి తెలిసిన ఆడది సభలో కూర్చుంటే ఆ మాటకి బరువే వేరు. 2023లో చట్టసభల్లోనూ మూడో వంతు సీట్లు ఆడవాళ్లకని రాజ్యాంగ సవరణ చేశారు. జనగణన, పునర్విభజన అయ్యాకే అమలు అంటున్నారు. నా వయసుకి అది అందదు, నీకు అందుతుంది. కానీ ఇల్లు మాత్రం తాకట్టు పెట్టకు. నా మీద ఒట్టు.

ఇంకొకటి, రాత్రి మీటింగులు. మాటలంటారు, నన్నూ అన్నారు. వాటికి భయపడి ఇంట్లో కూర్చోవద్దు గానీ వెళ్లేటప్పుడు ఎవరో ఒక ఆడమనిషిని తోడు తీసుకెళ్లు. నేను మీ నానమ్మని తీసుకెళ్లేదాన్ని, పాపం సభ అయ్యేదాకా గోడకి ఆనుకుని నిద్రపోయేది. గ్రామసభకి నువ్వూ వచ్చేదానివి, నాలుగేళ్లుంటాయి, నా ఒళ్లో కూర్చుని పంచాయతీ ముద్ర నీ అరచేతిలో కొట్టించుకుని ఊరంతా చూపించావు. రెండు రోజులు ఆ చెయ్యి కడుక్కోలేదు. ఆ చేత్తో రేపు నామినేషన్ పత్రం ఇస్తావంటే కళ్లల్లో నీళ్లొస్తున్నాయే పిచ్చిదానా.

నామినేషన్ ఎప్పుడో ఇవాళే కనుక్కుని చెప్పు. ముందు రోజు సాయంత్రం బస్సుకే వచ్చేస్తాను, చిన్నాణ్ణి నేను చూసుకుంటాను. పత్రం నింపాక సంతకం పెట్టకుండా ఉంచు, ఇద్దరం కూర్చుని ఒకసారి మొదట్నుంచి చదువుదాం.

మీ అత్త