గురువుగారి గ్యారేజీ: ఉప్పు మీద కారు, గానుగ కారు

ఈసారి ఉత్తరాలు బాగానే వచ్చాయి, అందులో ఒకటి మాత్రం తెలుగే కానీ ఒడియా లిపిలో రాసి పంపాడు ఒక కుర్రాడు, బడిలో ఒడియా ఇంట్లో తెలుగు అయితే అలాగే ఉంటుంది మరి, నేనూ అలా రాసినవాణ్ణే. దాంతోనే మొదలెడదాం.

ప్రశ్న: గురువుగారూ, నేను పర్లాకిమిడిలో ఐటీఐ ఫిట్టర్ చదువుతున్నాను. ఫోన్లో రెండు వీడియోలు చూశాను. ఒకదాంట్లో జెట్ విమానం లాంటి కారు ఖాళీ మైదానంలో ఒక్కటే పోతోంది. ఇంకోదాంట్లో నలభై కార్లు గుండ్రటి ట్రాక్ మీద ఒకదాన్నొకటి రాసుకుంటూ తిరుగుతున్నాయి. మొదటిదే అసలు టెక్నాలజీ, రెండోది ఉత్తినే గానుగెద్దులా తిరగడం అని మా రూమ్మేట్ అంటున్నాడు. నిజమేనాండీ?

జవాబు: మీ రూమ్మేట్‌కి సగం మార్కులు వెయ్యొచ్చు బాబూ. గానుగెద్దు అన్నాడు చూడు, అది బాగుంది.

నువ్వు చూసిన మొదటిది థ్రస్ట్ ఎస్ఎస్‌సీ అనే కారు అయ్యుంటుంది. 1997 అక్టోబర్ 15న అమెరికాలో నెవాడా రాష్ట్రం బ్లాక్ రాక్ ఎడారిలో ఆండీ గ్రీన్ అనే బ్రిటిష్ ఫైటర్ పైలట్ దాన్ని గంటకి 1,228 కిలోమీటర్ల దగ్గర నడిపాడు, అంటే శబ్దం కంటే ఎక్కువ స్పీడు, ఆ రికార్డు ఇప్పటికీ అలాగే ఉంది. దానికి రెండు రోల్స్ రాయిస్ స్పే ఇంజన్లు, బ్రిటన్ వాళ్ళ ఫాంటమ్ యుద్ధ విమానాల్లో ఉండేవే. ఇక్కడ ఫిట్టర్‌గా నువ్వు పట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది, ఆ కారులో ఇంజన్ చక్రాన్ని తిప్పదు. జెట్ వెనక్కి ఊదుతుంది, కారు ముందుకి పోతుంది, చక్రాలు ఊరికే దొర్లుతాయంతే. గేర్ బాక్సూ లేదు క్లచ్చూ లేదు. టైర్లు కూడా లేవు, ఎందుకంటే ఆ స్పీడులో రబ్బరు చీలికలు పేలికలైపోతుంది, అందుకని అల్యూమినియం ముద్దతో చేసిన చక్రాలు పెట్టారు. ఇంకో తమాషా ఏంటంటే అది తిరిగేది వెనక చక్రాలతో, ఫోర్క్‌లిఫ్ట్ లాగ.

మరి ఇంజన్ పెద్దది పెడితే అయిపోతుందా అంటే, కాదు. గాలి ఉంది కదా. స్పీడు రెట్టింపైతే గాలి అడ్డం నాలుగు రెట్లు, దాన్ని తోసుకుపోవడానికి కావాల్సిన పవర్ ఎనిమిది రెట్లు. పైగా కారు కింద గాలి కొంచెం ఎక్కువ దూరితే పైకి లేచి పల్టీ కొడుతుంది, మరీ కిందకి నొక్కితే చక్రాలు నేలలో దిగబడతాయి. ఈ రెండింటి మధ్య సన్నటి దారి, ఆ దారి వెతకడానికే ఏళ్ళు పట్టింది వాళ్ళకి.

రూలు కూడా ఒకటుంది. కొలిచిన మైలుని ఒకసారి ఇటూ ఒకసారి అటూ, గంట లోపల రెండుసార్లు దాటాలి, రెండిటి సగటే రికార్డు. గాలి వెనక నుంచి తోసిందేమో, నేల వాలుగా ఉందేమో అన్న అనుమానం ఉండకూడదని. ఆ గంటలో ఇంధనం నింపాలి, పారాచూట్లు మళ్ళీ మడిచి పెట్టాలి, కారుని వెనక్కి తిప్పాలి. అక్టోబర్ 13న రెండుసార్లూ శబ్దాన్ని దాటేశారు కానీ గంట మీద ఒక నిమిషం ఎక్కువైంది, రికార్డు ఇవ్వలేదు. మైలు దాటడానికి అయిదు సెకన్లు కూడా పట్టని బండికి నిమిషం లేటు! నౌపడాలో గుణుపురం బండి నిమిషంలో తప్పిపోయినవాళ్ళకి ఆ బాధ తెలుస్తుంది. రెండు రోజులాగి మళ్ళీ వచ్చి కొట్టారు.

నౌపడా అంటే గుర్తొచ్చింది, అక్కడ రైలు కిటికీలోంచి ఉప్పు మళ్ళు చూసే ఉంటావు. ఈ స్పీడు రికార్డులకి పేరుపడ్డ బోనవిల్ కూడా అలాంటిదే, అమెరికాలో యూటా రాష్ట్రంలో ఉంది, కాకపోతే మనిషి కట్టిన మడి కాదు, చలికాలం నీళ్ళు నిలుస్తాయి ఎండాకాలం ఎండిపోతాయి, గట్టి ఉప్పు పెచ్చు మిగులుతుంది, అదే ట్రాక్. చూడ్డానికి సిమెంటు గచ్చులా ఉంటుంది కానీ పట్టు తక్కువ. అందుకని చక్రాన్ని ఇంజనే తిప్పే బళ్ళవాళ్ళు అక్కడ కావాలని బరువు ఎక్కిస్తారు, రేసు కారుకి సీసం దిమ్మలు! వీల్ స్పిన్ అవకుండా, అంటే చక్రం పట్టు దొరక్క ఉన్నచోటే గిర్రున తిరగకుండా. 2014లో వాన వల్ల, 2015లో ఉప్పు పెచ్చు పల్చబడిపోయి అక్కడి స్పీడ్ వీక్ రద్దయింది.

ఇప్పుడు రెండోది, నువ్వు గానుగ అన్నది. నాస్కార్ అంటారు, అమెరికాలో స్టాక్ కార్ల రేసులు నడిపే సంస్థ, 1948లో మొదలైంది. స్టాక్ అంటే సరుకు కాదు, మన గ్యారేజీల్లో స్టాక్ సైలెన్సర్ అంటాం చూడు, కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టు అని, అదీ. మొదట్లో నిజంగానే షోరూమ్ కారుతో వచ్చి పరిగెత్తేవాళ్ళు. ఇప్పుడు పేరూ ముఖమూ తప్ప షోరూమ్‌ది ఏదీ లేదు, ఇనప గొట్టాల చట్రం, 5.86 లీటర్ల వీ8 ఇంజన్, అంటే ఎనిమిది సిలిండర్లది, ఇప్పటికీ పాతకాలపు పుష్‌రాడ్ రకమే. 2011 దాకా కార్బొరేటర్‌తోనే నడిపారు తెలుసా, పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ 2012లో వచ్చింది. ఇది వినగానే మీ రూమ్మేట్ నవ్వుతాడు, నవ్వనీ.

నవ్వాక ఒక పని చెయ్యమను. హాస్టల్లో స్టీలు గ్లాసు ఉంటుంది కదా, మూతి వెడల్పు అడుగు సన్నం ఉండేది, దాన్ని గచ్చు మీద పడుకోబెట్టి తోయమను. తిన్నగా పోదు, గుండ్రంగా తిరుగుతుంది, సన్నటి వైపుకి. మా షాపులో కొత్తగా చేరిన ప్రతి కుర్రాడి చేతా నేను ఇది చేయిస్తాను, టీ తాగిన గ్లాసుతోనే. ఓవల్ రేసుల్లో చేసేది సరిగ్గా ఇదే, కుడివైపు టైరు చుట్టుకొలత ఎడమ టైరు కంటే కొంచెం పెద్దది పెడతారు, కారు దానంతటదే ఎడమకి తిరగాలని చూస్తుంది, ఎందుకంటే ఆ ట్రాకుల మీద రేసంతా ఎడమ మలుపులే. స్టాగర్ అంటారు దాన్ని. తిన్నగా పోయేచోట డ్రైవర్ స్టీరింగ్‌ని కొంచెం కుడికి పట్టి ఉంచాలి. ఇదే కారుని ఉప్పు మీద తిన్నగా పొమ్మంటే ఎంత చికాకో ఆలోచించు, ఆ ఉప్పు కారుని తెచ్చి మలుపు తిప్పమన్నా అంతే.

ట్రాక్ కూడా చూడు, అమెరికాలో డేటోనా అనే ట్రాక్ ఉంది, అక్కడ మలుపు 31 డిగ్రీల వాలు, మీ హాస్టల్ మేడ మెట్లు ఎంత వాలుగా ఉంటాయో దాదాపు అంత. దాని మీద డేటోనా 500 అనే రేసు, 500 మైళ్ళు, అంటే 800 కిలోమీటర్లు, బరంపురంలో బయల్దేరి ఒంగోలు దాటిపోయేంత దూరం, చుట్టూ ముప్పై తొమ్మిది కార్లు. ఉప్పు మీద కారుకి గాలి శత్రువే. ఇక్కడ గాలి శత్రువూ అవుతుంది చుట్టమూ అవుతుంది. హైవే మీద ఇచ్ఛాపురం దాటాక పెద్ద లారీ వెనక బైకు పోతుంటే గాలి కొట్టడం తగ్గిపోయి బండి తేలికైనట్టు ఉంటుంది కదా (చెయ్యకు, లారీవాడు బ్రేకేస్తే అంతే సంగతులు), వీళ్ళు దాన్నే గంటకి 300 కిలోమీటర్ల దగ్గర చేస్తారు. డ్రాఫ్టింగ్ అంటారు. ముందువాడికీ లాభమే, వెనక గాలి లాగడం తగ్గుతుంది కాబట్టి రెండు కార్లు అతుక్కుని పోతే ఒంటరి కారు కంటే స్పీడు.

నాకు అసలు విడ్డూరంగా అనిపించేది ఇది కాదు. 1987లో టాలడేగా అనే ఇంకో పెద్ద ట్రాక్ మీద బిల్ ఎలియట్ అనే డ్రైవర్, రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే క్వాలిఫయింగ్‌లో గంటకి 342 కిలోమీటర్లు చేశాడు. అక్కడే ఆ రేసులో బాబీ అలిసన్ కారు టైరు పోయి, గాల్లోకి లేచి, జనం ముందున్న కంచెని చీల్చుకుంటూ పోయింది, కొంతమందికి దెబ్బలు తగిలాయి. మరుసటి ఏడు నుంచి డేటోనా, టాలడేగాల్లో రిస్ట్రిక్టర్ ప్లేటు పెట్టారు, కార్బొరేటర్ కింద నాలుగు కన్నాలున్న చిన్న రేకు, ఇంజన్‌కి గాలి అందకుండా. ఎయిర్ ఫిల్టర్‌కి గుడ్డ చుట్టి పరిగెత్తించినట్టే. 1994లో పైకప్పు మీద రెక్కలు పెట్టారు, కారు వెనక్కి తిరిగిపోయిందంటే అవి లేచి నిలబడి కారుని గాల్లోకి లేవనివ్వవు. 2022లో కొత్త కారు వచ్చినప్పుడు మామూలు ట్రాకులకి 670 హార్స్‌పవర్ ఇచ్చారు, ఈ పెద్ద ట్రాకులకి మాత్రం 510 దగ్గర పట్టేశారు. అంటే అక్కడ ఇంజినీర్లు స్పీడు పెంచడానికి బుర్ర పెడుతున్నారు, ఇక్కడ ఒక జట్టు ఇంజినీర్లు తగ్గించడానికి, ఇంకో జట్టు ఆ తగ్గించినదాంట్లోంచి పావు కిలోమీటర్ అయినా దొంగిలించడానికి. నన్నడిగితే నాకు ఈ రెండోదే ఎక్కువ ఇష్టం, గ్యారేజీవాణ్ణి కదా, ఉన్న సామానుతో ఈడ్చుకు రావడమే మా బతుకు.

రెండూ వేరు వేరు కులాలు అనుకోకు, పుట్టింది ఒకే ఇసకలో. మన గోపాల్‌పూర్ లాంటి సముద్రపు ఒడ్డే డేటోనా బీచ్, 1935 మార్చిలో మాల్కమ్ క్యాంప్‌బెల్ అక్కడే గంటకి 445 కిలోమీటర్లు చేశాడు, ఇసక ఎగుడుదిగుడుగా ఉందని అదే ఏడు సెప్టెంబర్లో బోనవిల్ ఉప్పుకి వెళ్ళి 484 కొట్టాడు. స్పీడు రికార్డులవాళ్ళు వెళ్ళిపోతే ఊరు బోసిపోతుందని 1936లో అదే బీచ్ మీద, పక్కన రోడ్డు మీద కలిపి మామూలు కార్ల రేసు పెట్టారు. ఇంజన్ల లెక్కలోనూ చుట్టరికం ఉంది. 1965లో గోల్డెన్‌రాడ్ అనే కారు నాలుగు క్రైస్లర్ హెమీ ఇంజన్లు ఒకదాని వెనక ఒకటి పెట్టుకుని 658 కిలోమీటర్లు కొట్టింది, ముందటేడు డేటోనా 500 గెలిచిన కారులో ఉన్నదీ హెమీయే. 1971లో బాబీ ఐజాక్ అనే స్టాక్ కార్ డ్రైవర్ తన డాడ్జ్ డేటోనా కారుని, వెనక పెద్ద తోక రెక్క ఉంటుందే అది, బోనవిల్ తీసుకెళ్ళి 349 దాకా పరిగెత్తించి బోలెడు రికార్డులు పట్టుకొచ్చాడు.

ప్రశ్న: స్టాక్ కార్ రేసులు దొంగ సారా రవాణాలోంచి పుట్టాయని మా పిల్లలకి ఎవరో చెప్పారట. నిజమా, కథా? (ఒక టీచరమ్మ, రాయగడ)

జవాబు: చాలావరకు నిజమేనమ్మా. అమెరికా దక్షిణాది కొండల్లో సారా కాసి రాత్రిళ్ళు కార్లలో దింపేవాళ్ళు, పన్ను అధికారులు వెంటపడితే దొరక్కుండా పోవాలి, అందుకని ఫోర్డ్ వీ8 ఇంజన్‌కి పని పెట్టేవాళ్ళు, వెనక స్ప్రింగులు గట్టివి వేసేవాళ్ళు, సరుకెక్కితే కారు వెనక్కి కుంగి అనుమానం రాకుండా. బోర్డర్లో ఉన్న మనకి ఈ తెలివి కొత్తేం కాదు, కాకపోతే మన దగ్గర రేసు అవలేదు కేసు అయింది. జూనియర్ జాన్సన్ అనే ఆయన 1956లో తండ్రి సారా బట్టీ దగ్గర దొరికి జైలుకి కూడా వెళ్ళొచ్చాడు, 1960లో డేటోనా 500 గెలిచాడు. పైన చెప్పిన డ్రాఫ్టింగ్‌ని పట్టుకున్నవాడిగా ఆయన పేరే చెప్తారు. 1986లో అమెరికా అధ్యక్షుడు రీగన్ ఆయనకి క్షమాభిక్ష ఇచ్చాడు.

ప్రశ్న: అన్నా, నాది 150 సీసీ బండి, 110 పోతోంది. సైలెన్సర్ మార్చి, కార్బొరేటర్ జెట్ మార్చి 200 దాటించొచ్చా? (ఇచ్ఛాపురం)

జవాబు: లేదు తమ్ముడూ. ఎనిమిది రెట్ల లెక్క పైన ఉంది చూడు, నీ 14 హార్స్‌పవర్ బండి స్పీడుని 110 నుంచి రెట్టింపు 220కి తీసుకెళ్ళాలంటే 112 హార్స్‌పవర్ కావాలి, సైలెన్సర్ మారిస్తే చప్పుడు వస్తుంది, పోలీసు వస్తాడు, అంతే. అంత మోజుంటే న్యూజిలాండ్ బర్ట్ మన్రోని చూడు, 1920 నాటి ఇండియన్ స్కౌట్ బైకు (ఇండియన్ అంటే మనది కాదు, అమెరికా కంపెనీ పేరు), ఇంట్లోనే పిస్టన్లు పోత పోసుకుంటూ దాని మీద నలభై ఏళ్ళకి పైగా కూర్చున్నాడు, 1967లో బోనవిల్‌లో 295 కొట్టాడు, అప్పటికి ఆయనకి అరవై ఎనిమిదేళ్ళు. నీకు టైముంది.

ప్రశ్న: ఆ రేసు కార్లకి స్పీడోమీటర్ ఉంటుందా? (బరంపురం)

జవాబు: స్టాక్ కారుకి ఉండదండీ. పిట్‌లోకి, అంటే రేసు మధ్యలో టైర్లు మార్చి పెట్రోలు పోసే చోటుకి, వచ్చేప్పుడు స్పీడు లిమిట్ ఉంటుంది, దాటితే శిక్ష, అయినా స్పీడోమీటర్ ఇవ్వరు. ఏ గేర్లో ఎంత ఆర్పీఎం అంటే ఎంత స్పీడో ముందే లెక్కేసుకుని టాకోమీటర్ చూస్తూ వస్తారు. మా షాపుకి వచ్చే బళ్ళలో కూడా సగానికి స్పీడోమీటర్ పనిచెయ్యదు, కేబుల్ మార్చమంటే రేపు రేపంటారు.