ఎఫ్/1.2 లెన్స్‌లో ఫొటో మూలల్లోని దీపాలకు రెక్కలు ఎందుకు వస్తాయి?

కొత్త 50 ఎంఎం ఎఫ్/1.2 లెన్స్‌తో (ఎఫ్ తర్వాతి అంకె ఎంత చిన్నదైతే వెలుగు వచ్చే రంధ్రం అంత పెద్దది) రాత్రిపూట తీసిన ఫొటోల్లో మూలల దీపాలకు రెక్కలు వస్తున్నాయని, లెన్స్ చెడిపోయిందేమోనని మీరు అడిగారు. నాలుగు మూలల్లోనూ ఒకే తీరుగా వస్తుంటే లెన్స్ బాగానే ఉన్నట్లు. ఒక్క మూలలోనే ఎక్కువగా వస్తుంటే లోపలి గాజు పక్కకు జరిగి ఉంటుంది కాబట్టి వెంటనే మార్పించుకోండి.

సద్దుల బతుకమ్మ రాత్రి హన్మకొండ వేయిస్తంభాల గుడి దగ్గర నేను ఇటువంటి లెన్స్‌తోనే ఫొటోలు తీశాను. ఫ్రేము నడుమ చుక్కలా కనిపించిన సీరియల్ బల్బు, కెమెరాను కొద్దిగా తిప్పి దాన్ని మూలకు తెచ్చేసరికి రెక్కలు చాచిన పక్షిలా సాగింది. దీనిని కోమా అంటారు. ఏటవాలుగా వచ్చే కిరణాల్లో గాజు అంచుల గుండా వచ్చినవి, నడిమి భాగం గుండా వచ్చినవి ఒకే బిందువు వద్ద కలవకపోవడమే దీనికి కారణం. రంధ్రాన్ని ఎఫ్/2కు తగ్గించగానే అంచుల కిరణాలు ఆగిపోయి రెక్కలు చాలావరకు ముడుచుకున్నాయి. ఫోకస్‌కు ముందున్న ఇత్తడి తాంబాళాల మెరుపు చుట్టూ ఊదా రంగు, వెనుక వాటి చుట్టూ ఆకుపచ్చ రంగు కనిపించాయి. ఒక్కొక్క రంగు ఒక్కొక్క దూరంలో ఫోకస్ కావడం వల్ల వచ్చే ఈ అంచులు కూడా ఎఫ్/2 వద్ద పలుచబడ్డాయి.

మిట్టమధ్యాహ్నం ఇటుక గోడను ఫొటో తీసి లెన్స్‌కు మార్కులు వేసే సమీక్షకులంటే నాకు అందుకే కోపం. రాత్రి కోసం చేసిన లెన్స్‌ను రాత్రి దీపంతోనే పరీక్షించాలి. నికాన్ సంస్థ 1977లో తెచ్చిన నాక్ట్-నిక్కార్ 58 ఎంఎం ఎఫ్/1.2 లెన్స్‌లో ముందు గాజును ఆస్ఫెరికల్ (గోళాకారం కాని వంపు) ఆకారంలో చేతితో అరగదీసింది ఈ రెక్కలను తగ్గించడానికే. అదే సంస్థ 2019లో తెచ్చిన 58 ఎంఎం ఎఫ్/0.95 లెన్స్ దాదాపు రెండు కిలోలు తూగుతుంది. అంత వెలుగును, అంత శుద్ధిని ఒకేచోట కోరితే బరువు తప్పదు.

పెళ్లి ఫొటోలన్నీ ఎఫ్/1.2లోనే తీయాలన్న పట్టుదల కూడా నాకు నచ్చదు. రెండు మీటర్ల దూరంలో స్పష్టంగా వచ్చే లోతు సుమారు 11 సెంటీమీటర్లే కాబట్టి పెళ్లికూతురి కళ్లు స్పష్టంగా ఉంటే, కాస్త వెనుక కూర్చున్న పెళ్లికొడుకు మసకబారతాడు. ఎఫ్/1.8 కన్నా వెలుగు రెండుంపావు రెట్లు దొరుకుతుంది, నిజమే. కానీ ఇప్పటి కెమెరాల్లో ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచి ఆ తేడాను చాలావరకు పూడ్చుకోవచ్చు.

మీ మిత్రులెవరైనా ఇటువంటి లెన్స్ కొనాలనుకుంటే సాయంత్రం దాటాక దుకాణానికి వెళ్లమనండి. దూరపు వీధిదీపాన్ని ఫ్రేము మూలలో పెట్టి, ఆ మూలకే ఫోకస్ చేసి, ఎఫ్/1.2, 1.4, 2 వద్ద తీసి పెద్దవి చేసి చూడాలి. అందుకు ఒప్పుకోని దుకాణంలో ఆ లెన్స్ కొనవద్దు.