కథలో ఎవరూ నవ్వొద్దు

అమ్మాయీ,

నువ్వు పంపిన ఆరు కథలూ చదివాను. ఎర్ర పెన్ను పట్టుకుని, నవ్విన చోటల్లా గీత పెట్టుకుంటూ పోయాను. నేను నవ్విన చోట కాదు, నీ మనుషులు నవ్విన చోట. "అందరూ పగలబడి నవ్వారు", "అమ్మ కడుపు పట్టుకుని నవ్వింది", "ఆఫీసంతా గొల్లుమంది", "నాకు నవ్వాగలేదు". మొత్తం 31 సార్లు నవ్వారు తల్లీ. ఇంతమంది నవ్వేశాక ఇక నాకేం మిగిల్చావు?

మొదటి నాలుగు కథలే అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. మీ టీమ్ లీడ్ మ్యూట్‌లో ఉండి మాట్లాడటం, పుట్టినరోజు కేకు మొహానికి పూయడం, నాన్నగారి ఓటీపీ అవస్థ, కొత్తల్లుడికి కారం తగలడం. ఇవన్నీ ఫోనుల్లో తిరిగి తిరిగి అరిగిపోయాయి. నా చేత పెన్ను పట్టించింది ఐదోది, మీ తాతగారి పెద్దకర్మ. పెరట్లో గాడిపొయ్యి మీద పప్పుచారు మరుగుతోంది. మీ బాబాయిలిద్దరూ గరిటెతో అరచేతిలో పోసుకుని, ఒకాయన ఉప్పు చాల్లేదంటాడు, ఇంకొకాయన ఎక్కువైందంటాడు. మాటా మాటా పెరిగి, ఎప్పుడో పంచుకున్న కొబ్బరిచెట్ల దాకా వెళ్లింది. అప్పుడు గోడ వార కూచున్న మీ నాయనమ్మ నోరు విప్పింది. నువ్వు రాసింది ఇది: "ఉప్పు చూసే మనిషే వెళ్లిపోయారు, ఇంకెవరు చెబుతారు?" వెంటనే కింది వాక్యం: "ఆ మాటకి అంత దుఃఖంలోనూ అందరం నవ్వేశాం."

కాగితాలు పక్కన పడేసి వరండాలో కాసేపు పచార్లు చేశాను. ఆవిడ మాటకి గొంతు పట్టేసింది, నీ వాక్యానికి ఒళ్లు మండింది. ఏది ముందో చెప్పలేను.

పైగా నీ ఉత్తరంలో రాశావు, ఆవిడ నిజానికన్నది "ఉప్పు సూసే మడిసే ఎల్లిపోనాడు, ఇంకెవులు సెప్తారు" అనీ, పాఠకులకి అర్థం కాదేమోనని మార్చాననీ. ఏ పాఠకులకి? బొబ్బిలి పక్క పల్లెలో పుట్టి పెరిగిన ముసలావిడ చేత రేడియో వార్తలు చదివిస్తావా? గురజాడవారు మీ విజయనగరం మనిషే కదా. 1892లో కన్యాశుల్కం అక్కడే ఆడించారు, 1897లో అచ్చు వేశారు. అచ్చయింది కదా అని ఊరుకోకుండా, 1909లో ఇంచుమించు కొత్త నాటకమే అన్నంతగా తిరగరాసి వేశారు. అందులో ఎవరి నోటి మాట వాళ్లదే. అప్పటి వాళ్లకి అర్థమైంది, మీ నాయనమ్మ మాట ఇప్పటి వాళ్లకి కాకుండా పోతుందా?

మాట దిద్దడమూ, చివర అందరి చేతా నవ్వించడమూ ఒకే భయంలోంచి వచ్చాయి. చదివేవాడికి అందదేమోనని. అందకపోతే వాడి ఖర్మ. నువ్వు మాత్రం కథలో ఎవర్నీ నవ్వనివ్వకు. నవ్వొచ్చే సంగతి జరిగేటప్పుడు అక్కడున్నవాళ్లకి నవ్వే తీరిక ఉండదు. బాబాయిలకి పరువు, వంటవాడికి అవతల మాడుతున్న వంకాయ కూర, నాయనమ్మకి పోయిన మొగుడు. ఎవరి గొడవ వాళ్లది. "నిజంగానే నవ్వామండీ" అంటావేమో. నవ్వే ఉంటారు. అయినా రాయకు.

నేను బ్యాంకులో గుమాస్తాగా చేరిన రోజుల్లో మా బ్రాంచికి నోట్లు లెక్కపెట్టే మిషను రాలేదు. కేషియరుగారు తడి స్పాంజి మీద వేలు అద్దుకుంటూ, పెదాలు కదుపుతూ లెక్కపెట్టేవారు. మధ్యలో పలకరిస్తే ఆగేవారు కాదు, నోట్లో ఉన్న అంకె పైకి వచ్చేదంతే. "నమస్కారమండీ" అంటే "ముప్పై ఏడు" అనేవారు. ఒకరోజు ఇంటి నుంచి ఫోను. అటెండరు తీగ సాగదీసి రిసీవరు ఆయన చెవికి ఆనించాడు. అవతల ఆవిడ అడిగింది సాయంత్రం తెలిసింది మాకు: "మీ చెల్లెలూ పిల్లలూ దిగారు, ఎన్నాళ్లుంటారట?" ఈయన "అరవై ఎనిమిది" అన్నారు. అవతల ఫోను ఠపీమని పెట్టేశారు. ఈయన "అరవై తొమ్మిది" అన్నారు.

ఎవరం నవ్వలేదు. ఆయన లెక్క తప్పితే మళ్లీ ఒకటి నుంచి మొదలు, కేషు టాలీ కాకపోతే ఎవరికీ ఇంటికి కదలడానికి లేదు, ఆఖరి బస్సు ఏడింటికి.

దాన్ని అలాగే రాసి పంపితే పత్రికల వాళ్లు తిప్పి పంపారు. ఒకరైతే కథా పంపలేదు, తిరుగు టపాకని పెట్టిన స్టాంపులూ పంపలేదు. చివరికి ఒక వారపత్రిక వేసుకుంది. వేసి, పైన 'హాస్య కథ' అని పెద్దక్షరాలతో చీటీ అంటించి, చివర "బ్యాంకంతా నవ్వులతో దద్దరిల్లింది" అని సొంత వాక్యం తగిలించారు. బొమ్మలో కేషియరు భార్య, ఆవిడ చేతిలో అప్పడాల కర్ర! కథలో ఆవిడ ఫోనులో తప్ప ఎక్కడుంది? అడిగితే ఎడిటరుగారు "పాఠకుడికి క్లూ ఇవ్వాలి కదండీ" అన్నారు. ఆ క్లూ ఇంకా నా కడుపులో మండుతూనే ఉంది. ఇప్పుడు టీవీ వాళ్లు ఇంకో మెట్టు ఎక్కారు. స్కిట్టు మొదలు కాకముందే ఎదురుగా కుర్చీల్లో కూచున్నవాళ్లు టేబుళ్లు బాదేస్తున్నారు.

అప్పడాల కర్ర అంటే గుర్తొచ్చింది, నీ ఆరో కథ, వదిన షాపింగూ అన్నయ్య ఖాళీ పర్సూ. ఆడపిల్లవై ఉండి అది ఎలా రాశావమ్మా? మునిమాణిక్యంవారి కాంతం కథలు ఒకసారి తిరగెయ్యి. అక్కడ తెల్లబోయేది కథ చెబుతున్న మొగుడు. అందుకే కాంతం ఇన్నాళ్లు బతికింది.

మళ్లీ ఐదో కథకి వస్తాను. ఇంతకీ ఉప్పు ఎక్కువైందా, తక్కువైందా? వంటవాడు ఎవరి మాట విన్నాడు? బంతిలో కూచున్నవాళ్లు ఏమన్నారు? అది రాయకుండా నవ్వుల మీదికి దూకావు. నాకు ఆ పప్పుచారు సంగతి కావాలి.

కలం పేరూ, ఉగాది పోటీ గురించి అడిగావు. వాటికిప్పుడు తొందరేం లేదు. బాబాయిలు చదివితే ఊరుకుంటారా అని కూడా అడిగావు. పేర్లు మార్చు, ఊరు మార్చు, కొబ్బరిచెట్లు మాత్రం మార్చకు. వాళ్లు గుర్తుపట్టరులే. నా కథ అచ్చయిన వారం కేషియరుగారు పత్రిక చంకన పెట్టుకుని నా సీటు దగ్గరికే వచ్చారు. "బాగా పట్టావయ్యా, అచ్చం మన అకౌంటెంటే" అన్నారు.

తిరగరాసింది దసరా లోపల పంపు. ఆ తర్వాత నాకు కంటి ఆపరేషను. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవిగా కొట్టు.

ఆశీస్సులతో,
మాస్టారు