గిన్నె నిండా పెల్లెట్లు.. గడ్డి ముట్టని కుందేలు

ప్రశ్న: మాది హనుమకొండ. ఏడాదిన్నర క్రితం మా పాప కోసం కుందేలు పిల్లను తెచ్చాం, ఇప్పుడు 2 కిలోలు ఉంది. షాపతను చెప్పినట్టు గిన్నె ఖాళీ కాకుండా పెల్లెట్లు (గుళికల దాణా) పోస్తున్నాం, అప్పుడప్పుడు క్యారెట్, అరటిపండు పెడతాం. గడ్డి వేస్తే వాసన చూసి వదిలేస్తోంది. పది రోజులుగా తోక కింద నల్లగా, మెత్తగా అంటుకుని కంపు కొడుతోంది. విరేచనాలేమో అని ఒకరోజు తిండి ఆపేశాం. పెల్లెట్లు పూర్తిగా మానేయాలా?
– ఒక పాఠకురాలు

డాక్టర్ సలహా: ముందు ఒక్క మాట అమ్మా, ఇంకెప్పుడూ దానికి తిండి ఆపకండి. మనకు కడుపు పాడైతే లంకణం చేస్తాం, కుందేలుకు అదే ప్రాణం మీదికి వస్తుంది. దాని పేగులు పగలూ రాత్రీ కదులుతూనే ఉండాలి. లోపలికి తిండి పోకపోతే ఆ కదలిక ఆగి గ్యాస్ పట్టేస్తుంది, వాంతి చేసుకుందామన్నా కుందేలు చేసుకోలేదు.

ఇక మీరు రాసినదాన్ని బట్టి చూస్తే అవి విరేచనాలు కాకపోవచ్చు. కుందేలు రెండు రకాలుగా పెంటికలు వేస్తుంది. మీరు రోజూ ఊడ్చేవి ఒక రకం, శనగగింజంత ఉంటాయి, పొడిగా, గుండ్రంగా, ఒకటి తీసి వేళ్లతో నలిపితే లోపల గడ్డి పీచు రంపపు పొట్టులా రాలుతుంది. రెండో రకం చిన్న ద్రాక్షగుత్తిలా అతుక్కుని, మెత్తగా, నల్లగా మెరుస్తూ ఉంటుంది. అది మన కంట పడదు, ఎందుకంటే కుందేలు దాన్ని కింద పడనీయకుండా నేరుగా నోటితో అందుకుని మింగేస్తుంది. చూసి అసహ్యించుకోకండి, పేగుల్లో తయారైన బి విటమిన్లు, ప్రొటీన్ అది మళ్లీ ఒంటికి పట్టించుకునే దారి అదే. తిండిలో పిండి పదార్థం ఎక్కువై పీచు తగ్గితే ఈ గుత్తి ముద్దలా మారిపోతుంది. పెల్లెట్లతో కడుపు నిండుగా ఉన్న కుందేలు దాన్ని తినదు, బాగా లావెక్కితే వంగి అందుకోనూ లేదు. అలా మిగిలిపోయిందే తోక కింద అంటుకుంటుంది. రోజూ గోరువెచ్చని నీళ్లలో తడిపిన గుడ్డతో తుడిచి ఆరబెట్టండి, ఒళ్లంతా స్నానం మాత్రం చేయించొద్దు. తుడవకుండా వదిలేస్తే ఈగలు గుడ్లు పెట్టి పురుగులు పడతాయి. ఒకవేళ మామూలు పెంటికలే కనబడకుండా నీళ్లలా పోతుంటే అది నిజమైన విరేచనం, ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

పెల్లెట్లు విషమేం కాదు, పూర్తిగా మానాల్సిన పని లేదు. తప్పంతా ఆ గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండటంలోనే ఉంది. మాంసం కోసం కుందేళ్లు పెంచే ఫారాల్లో తొందరగా బరువు రావాలని అడ్డు లేకుండా దాణా వేస్తారు, ఇంట్లో ఏళ్ల తరబడి బతకాల్సిన దానికి ఆ లెక్క పనికిరాదు. పెద్ద కుందేలుకు కిలో బరువుకు రోజుకు 25 గ్రాములు దాటకూడదు, అంటే మీ దానికి 50 గ్రాములు గరిష్ఠం, గడ్డి బాగా తినడం మొదలుపెట్టాక 30 చాలు. చెంబుతో, పిడికిలితో కాకుండా వంటింటి త్రాసుతో తూయండి, ఒక్కసారి తూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది ఇన్నాళ్లూ ఎంత పోశామా అని.

మిగతా కడుపంతా గడ్డితోనే నిండాలి, రోజూ తినే దాంట్లో 80 శాతానికి పైగా. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, పెల్లెట్ రెండు కొరుకులకే పొడి అయిపోతుంది కాబట్టి దవడ పళ్లు అరగవు, పెరిగి వాడిగా మారి నాలుకను, బుగ్గను కోస్తాయి. గడ్డిని అటూ ఇటూ నూరి తింటేనే అవి అరుగుతాయి. మీ దానికి గడ్డి అలవాటు లేక వదిలేస్తోందా, నోట్లో నొప్పికి వదిలేస్తోందా అనేది కూడా చూడాలి. చొంగ కారుతున్నా, తిండి నోట్లో పెట్టుకుని జారవిడుస్తున్నా పళ్లు చూపించండి. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, అక్కడ కనుక్కోవచ్చు.

వరంగల్‌లో గడ్డికి కరువు లేదు. వినాయక చవితికి మనం వాడే గరికే దానికి మంచి తిండి. పచ్చిది కొద్దికొద్దిగా అలవాటు చేయండి, మిగిలింది నీడన పలుచగా ఆరబెట్టి దాచుకోండి. పత్తి చేల గట్ల మీద, రోడ్డు పక్కన కోసింది మాత్రం వద్దు, గడ్డి మందు కొట్టారో లేదో మనకు తెలియదు. వరిగడ్డి కింద పరుపుగా వేయడానికి బాగుంటుంది, అదొక్కటే తిండిగా పెడితే బలం చాలదు. లూసర్న్ అనే పశుగ్రాసంలో కాల్షియం ఎక్కువ, కుందేలు పిల్లలకు సరే గానీ పెద్దవాటికి రోజూ పెడితే మూత్రంలో సున్నంలా పేరుకుంటుంది.

మార్చేటప్పుడు తొందరపడొద్దు. ఇప్పుడు పెల్లెట్లు ఎంత తింటోందో తూచుకుని, మూడు నాలుగు వారాల్లో కొంచెం కొంచెంగా దించండి. పెల్లెట్లు ఉదయం సగం, సాయంత్రం సగం పెట్టండి, గడ్డి మాత్రం ఎప్పుడూ ముందు ఉండాలి. కుందేలు పెంటికలు వేసేచోటే గడ్డి నములుతుంది, కాబట్టి ఆ మూలనే గడ్డి కుప్ప పెట్టండి, పైన నాలుగు కొత్తిమీర కాడలు కలిపితే వెతుక్కుంటూ గడ్డి కూడా లాగుతుంది. వారానికోసారి బరువు చూడండి, బాగా పడిపోతుంటే తగ్గించడం ఆపండి. కొత్తిమీర, మెంతికూర, ముల్లంగి ఆకు రోజూ గుప్పెడు పెట్టొచ్చు, పాలకూర, తోటకూర ఎప్పుడైనా కొంచెం. అరటిపండు, క్యారెట్ వారానికి ఒకట్రెండు చిన్న ముక్కలకు మించొద్దు, పాప ముద్దుగా పెట్టే బిస్కెట్లు, అటుకులు పూర్తిగా బంద్. ఉల్లి, వెల్లుల్లి ఎప్పుడూ వద్దు. ఎండాకాలంలో బరువైన గిన్నెలో నీళ్లు పెట్టి రెండు మూడుసార్లు మార్చండి.

ఈ మార్పు జరుగుతున్నన్ని రోజులూ పొద్దున్నే పెంటికలు చూడటం మరిచిపోవద్దు. చిన్నవైపోతున్నా, తగ్గిపోతున్నా పేగులు మందగిస్తున్నట్టే. 12 గంటలు ఏమీ తినకపోయినా, ఒక్క పెంటిక కూడా వేయకుండా మూలన ముడుచుకుని పళ్లు కొరుకుతున్నా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే తీసుకెళ్లండి. ఇంట్లో పిల్లలకు తెచ్చిన అమాక్సిసిలిన్ సిరప్ లాంటి యాంటీబయాటిక్ మందులు ఒక్క చుక్క కూడా పట్టొద్దు, దాని పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చిపోయి కుందేలే పోతుంది.