సంతకం ఎవరైనా గీకొచ్చు, గీతలు అలా కాదు

ప్రశ్న: మేం సియాటెల్ పక్కన బెల్వ్యూలో ఉంటాం. టకోమాలోని గాజు మ్యూజియంలో గాజు ఊదే ఇటలీ కళాకారుడు లీనో తాల్యాపియెత్రా పని చూసినప్పటి నుంచీ అదే పిచ్చి. ఆన్‌లైన్లో ఆయన పేరుతో చిన్న పాత్ర ఒకటి చవగ్గా కనిపిస్తోంది, అడుగున సంతకం కూడా ఉంది. మావారేమో "గాజు గిన్నెకి అంత డబ్బా" అంటున్నారు. కొనమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: చవగ్గా అన్నారు చూడండి, అక్కడ ఆగండి. ఆ సంతకాన్ని గాజు చల్లారాక సూదిలాంటి పనిముట్టుతో గీస్తారు, ఆ పనిముట్టు ఎవరికైనా దొరుకుతుంది. అలాగని అది దొంగ సరుకే అని కూడా అనలేం, ఎందుకంటే లీనో 1976 నుంచి ఎనభైల చివరి దాకా వెనిస్ పక్కనున్న గాజు పనివాళ్ల దీవి మురానోలో ఎఫెత్రే అనే కంపెనీలో పనిచేశారు, అప్పట్లో సంఖ్య వేసి అమ్మిన కంపెనీ వస్తువుల మీద కూడా ఆయన పేరుంటుంది. అవి అసలువే, కానీ తర్వాత ఆయన స్వతంత్రంగా చేసిన వాటితో పోల్చదగ్గవి కావు, ధరా అంతే. ఆ స్వతంత్ర కృతుల్లో పెద్దవైతే గ్యాలరీల్లో పదివేల డాలర్ల పైమాటే. అమ్మే మనిషిని పాత బిల్లు అడగండి, ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో అడగండి. నసిగితే వదిలేయండి.

ఇక మీవారి ప్రశ్న. లీనో 1934లో మురానోలో పుట్టారు, పన్నెండేళ్లు కూడా నిండకుండానే అక్కడి పేరున్న గాజు మేస్త్రీ అర్కిమేదే సెగూసో కొలిమిలో పనికి చేరారు, ఇరవై ఒకటికల్లా మేస్ట్రో అయ్యారు. అక్కడ మేస్ట్రో అంటే జట్టుకి పెద్ద మేస్త్రీ. ఆయన చేతి పని తెలియాలంటే రెతిచెల్లో అనే పద్ధతి చూడాలి. సన్నటి గాజు కడ్డీలు అతికించి, ఒకవైపు మెలితిప్పి ఒక బుడగ ఊదుతారు, ఎదురువైపు మెలితిప్పి ఇంకోటి ఊదుతారు, వేడి మీదే ఒకదాన్ని ఇంకోదాని లోపలికి దించుతారు. గీతలు ఒకదాన్నొకటి దాటి వలలా పడతాయి, ప్రతి గడిలోనూ చిన్న గాలి బుడగ చిక్కుకుంటుంది. ఆ బుడగలన్నీ వరసలో ఉండాలి, పాత్ర మెడ దగ్గర సన్నబడ్డా, పొట్ట దగ్గర ఉబ్బినా వల చెదరకూడదు. ఇదంతా గొట్టాన్ని ఒక్క క్షణం కూడా తిప్పడం ఆపకుండా, ఆపితే వేడి గాజు ఒకపక్కకి జారిపోతుంది మరి. తర్వాత ఐదొందల డిగ్రీల దాకా వేడి ఉన్న పెట్టెలో పెట్టి గంటల తరబడి, మందమైతే రోజుల తరబడి మెల్లగా చల్లారుస్తారు, లేకపోతే పగులుతుంది. మీవారిని ఒకసారి టకోమా తీసుకెళ్లి ఆ మ్యూజియంలోనే కొలిమి ముందు అరగంట కూర్చోబెట్టండి, అక్కడ ఊదడం కళ్లారా చూడొచ్చు.

మీ ఊరి దగ్గర ఇంత గాజు ఎందుకుందంటే, దాంట్లో లీనో చెయ్యి కూడా ఉంది. 1971లో అమెరికన్ గాజు కళాకారుడు డేల్ చిహులీ వాళ్లు సియాటెల్‌కి ఉత్తరాన పిల్చక్ అనే గాజు బడి పెట్టారు. 1979లో లీనో అక్కడికి వచ్చి మురానో పనితనమంతా విప్పి చూపించారు. ఒకప్పుడు పనివాళ్లు వెనిస్ దాటి పోతేనే నేరంగా చూసిన చోటు మురానో, సొంతూళ్లో ఆయన్ని తిట్టుకున్నవాళ్లూ ఉన్నారు. నన్నడిగితే, ఆయన చేసిన ఏ పాత్ర కన్నా ఇదే పెద్ద పని. అందుకే మీకో సలహా: ఆ పేరు కోసం డబ్బు కూడబెట్టే బదులు, పిల్చక్‌లో నేర్చుకున్న ఇప్పటి కుర్రవాళ్ల పని కొనండి, గ్లాసైనా సరే. వాళ్ల చేతిలోంచే నేరుగా కొంటారు కాబట్టి అసలా నకిలీయా అన్న టెన్షన్ ఉండదు.

ప్రశ్న: వచ్చే నెల వెనిస్ వెళ్తున్నాం. అక్కడి కొట్లలో నిజంగా మురానోలో చేసింది ఏదో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: "వెత్రో ఆర్తిస్తికో మురానో" అనే స్టిక్కర్ చూడండి. 1994లో వెనిస్ ఉన్న వెనెతో ప్రాంత ప్రభుత్వం చట్టం చేసి పెట్టిన గుర్తు అది, తయారీదారు కోడ్ దాని మీద ఉంటుంది. కానీ అందులో చేరడం కంపెనీల ఇష్టం, కాబట్టి స్టిక్కర్ లేనంత మాత్రాన నకిలీ అనుకోకండి. పడవెక్కి మురానోకే వెళ్లి చేసేచోట కొనడం మంచిది. అయితే "ఉచితంగా తీసుకెళ్తాం" అని హోటల్ దగ్గరే పట్టుకునేవాళ్ల వెంట మాత్రం వెళ్లకండి, ఆ పడవ ఖర్చు కొట్లో మీ బిల్లులోనే తేలుతుంది.

ప్రశ్న: ఇంత దూరం వెళ్లలేనివాళ్లు ఏం చూడాలి?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ గాజు గ్యాలరీకి వెళ్లండి, వెనిస్ గాజు అక్కడా ఉంది. జనమంతా గడియారం గంట కోసం ఎగబడతారు కాబట్టి ఆ టైముకి ఇక్కడ తీరిగ్గా చూసుకోవచ్చు.